మైకు రిక్షా

గాంధీనగరం ఆఫీసులో
పొద్దున్నే చేతిలో పెట్టే కాగితం ఒకటే.
అందులో ఉన్నది ఉన్నట్టు
నేనేనాడూ చదవలేదు.

జక్కరయ్య తొక్కేవాడు.
వెనక, రెండు పోస్టర్ల మధ్య,
బ్యాటరీ మీద కాళ్ళు పెట్టుకుని నేను.

ఆటోనగర్ గేటు దాటగానే
గొంతుకి గ్రీజు పూసుకునేవాణ్ణి.
"ఏడు ఫైట్లు బాబూ, ఏడు!
లారీ గాల్లోకి లేస్తుంది, మళ్ళీ దిగదు!"
వెల్డింగు కుర్రాళ్ళు అద్దాలు పైకెత్తి చూసేవాళ్ళు.

సత్యనారాయణపురం వీధుల్లో
అదే సినిమాకి పసుపు రాసి బొట్టు పెట్టి
"అత్తాకోడళ్ళు కలిసి చూడవలసిన..." అంటూ
సాగదీసేవాణ్ణి.
పోపు వేస్తూ ఒకావిడ కిటికీలోంచి
"ఏడుపుందా?" అనడిగింది.
"మూడు రుమాళ్ళు తెచ్చుకోండమ్మా!"

లయోలా కాలేజీ దగ్గర నోరు మూసుకునేవాణ్ణి.
పాట పెట్టి ఊరుకోవడమే.

కృష్ణలంక కరకట్ట కింద
ఓ సాయంత్రం రిక్షా ఆపి
చెమట తుడుచుకుంటూ జక్కరయ్య అన్నాడు:
"పొద్దుటేల్నించీ ఇంటన్నా గదన్నా,
మూడు సినిమాలయినయ్.
ఇంతకీ మనది ఏదంటావ్?"

నవ్వి, రెండో ఆటకి పాసు ఇప్పించాను.
లారీ లేచినప్పుడు వాడు
జేబులో అగ్గిపెట్టె వెతుక్కుంటున్నాడు.
మూడు రుమాళ్ళ చోట ఆవలించాడు.
ఎక్కడో పదకొండో రీల్లో,
కథకి అక్కర్లేని చోట,
హీరో దిగిపోయాక
రిక్షావాడొకడు చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి
ఖాళీ సీటు మీది దుమ్ము
కండువాతో దులుపుతాడు.
అంతే. మూడు క్షణాలు.
జక్కరయ్య ముందు కుర్చీ పట్టుకుని
లేచి నిలబడ్డాడు.
వెనకనుంచి ఒకటే కేకలు, కూర్చోవయ్యా అని.

ఆ మైకు ఇప్పుడు అటక మీద ఉంది.
ఇంట్లో ఎవరి ఫోను వాళ్ళది.
ఒకే సినిమాకి
మనవడి చేతిలో లారీలు లేస్తున్నాయి,
కోడలి చేతిలో సీమంతం జరుగుతోంది.
నా వయసు దానికెవరు చెప్పారో గానీ
నా ఫోను నాకు గుడిగంటలు మోగిస్తోంది.
ఎవడో నా పనే చేస్తున్నాడు,
గొంతు బొంగురుపోకుండా,
వీధి మారకుండానే.
పనిమంతుడే, ఒప్పుకుంటాను.

అయినా ఆ ఫోన్లు అడిగి తీసుకుంటాను.
మూడింటినీ మంచం మీద పక్కపక్కన పెట్టి
వాడు కోసిన అంచుల దగ్గర
కళ్ళు చికిలించి చూస్తాను.
"ఏంటి తాతా?" అంటాడు మనవడు.
ఏమని చెప్పను?

ఎక్కడా కనబడలేదు.
కనబడలేదంటే ఉందనే నా లెక్క.
టిక్కెట్టు కొనాలి.