పదకొండో మెలిక

పాత చీర ముక్కలో చుట్టి తెచ్చింది పోలమ్మ,
పెదజాలారిపేట నుంచి ఆటోలో, ఒళ్ళో పెట్టుకుని.
"టేసనోళ్లు కాయితం అడుగుతున్నారమ్మా.
ఇది ఏ ఊరిదో, ఎన్నేళ్లదో
సదువుకున్నోళ్ల సేత రాయించుకు రమ్మన్నారు."

నేను చదువుకున్నది ఉక్కు.
గాజువాక అవతల, కర్మాగారం ల్యాబులో
ముప్పై రెండేళ్లు కడ్డీల ముక్కలు కోసి
నునుపు చేసి, ఆమ్లం తాగించి
కడుపులో ఏముందో అద్దాల కింద చూశాను.
ఒక్క ముక్కా నాకు తన ఊరు చెప్పలేదు.

ఇదేమో వంటింటి గట్టు మీద
ఇప్పుడే ఆగిన పాములా ఉంది.

పూర్ణా మార్కెట్ నిమ్మకాయలు ఆరు పిండాను.
రెండు రాత్రులు.
తుప్పు దిగింది. ఇనుము నల్లబడింది.
నల్లబడనని మొరాయించిన గీతలు కొన్ని
తెల్లగా పైకి తేలాయి,
పోటు తీసిన ఇసుక మీద నీళ్ల జాడల్లా.
రెండు లోహాలు కలిపి, మడిచి, కొట్టి, మళ్లీ మడిచి
జావాలో ఏ కమ్మరో పడిన చాకిరీ అది.
ఆ తెలుపు మరీ మెరిస్తే కొత్తదనేదాన్ని.
ఇది బూడిద తెలుపు.
ఏటేటా కడిగిన చేతులకి అంచు అరిగి
పల్లు ఊడిన దువ్వెనలా ఉంది.
నూట యాభై ఏళ్లా? రెండు వందలా?
నా దగ్గర ఉన్నది నిమ్మకాయలు, పంచాంగం కాదు.

మెలికలు లెక్కపెట్టాను. పది.
మళ్లీ లెక్కపెట్టాను. పదే.
వాళ్లు ఎప్పుడూ బేసి లెక్కే వేస్తారని
ఎక్కడో చదివిన గుర్తు.
"దీని ముక్కు ఏమైంది పోలమ్మా?"

చాలాసేపు గచ్చు కేసి చూసింది.
"బాంబులు పడ్డ ఏడు
ఊరు ఊరంతా లేసిపోతంటే
మా అప్ప గోడ తవ్వి పుస్తెలు దాసిందట దీంతోటే.
ఆ గోడలోనే ఇరిగిపోనాది.
గోడా లేదిప్పుడు, సముద్రం తినేసింది."

వాళ్ల తాత రంగూన్ ఓడల్లో బొగ్గు వేసేవాడట.
ఎవరు ఇచ్చారో, జూదంలో గెలిచాడో, ఎత్తుకొచ్చాడో
ఆయన చెప్పలేదు, వీళ్లు అడగలేదు.
పురిటి పిల్లల తలగడ కింద పెట్టేవారు,
ఇనుము కదా అని.
పోలమ్మ కూడా దీని మీదే నిద్రపోయింది, ఇరవై ఒక్క రోజులు.

పిడి తిప్పితే ఊడి వచ్చింది.
అక్కడ ఆగిపోయాను.
తేలికైన కర్ర, లోపల పాలరంగు,
పైన లక్క, పసుపూ మెరూనూ వలయాలు.
మా అమ్మ కుంకుమ భరిణె ఇలాగే ఉండేది.
ఇది ఏ సముద్రమూ దాటలేదు.
ఏటికొప్పాకలో ఎవరో అంకుడు కర్రని చిత్రిక పట్టి
పోయిన పిడికి బదులు పెట్టారు.
బొంగరం చేసే చేత్తోనే కాబోలు.

కాగితం మీద రాశాను:
అలుగు, జావా దీవిది కావచ్చు.
వయసు, నూరేళ్లకి తక్కువ కాదు, ఆ పైన తెలియదు.
కొన లేదు. పదును లేదు.
సంతకం, విశ్రాంత ల్యాబ్ సహాయకురాలు, కొల్లి భానుమతి.

చదివించుకుని వింది.
"మరి మనూరు పేరు రాయలేదేటమ్మా?"

సంతకం కింద ఖాళీ లేదు.
పక్క మార్జిన్లో, నిలువుగా,
పిడి గురించి రాశాను.

కత్తిని మళ్లీ చీరలో చుట్టుకుని వెళ్లిపోయింది.
గట్టు మీద నిమ్మ డిప్పలు
ఇనుము వాసన వేస్తున్నాయి, ఇంకా పారేయలేదు.