రాణిగంజ్‌ల ఒక చెవి

హకీముద్దీన్ సేట్ కాగితం ముందుకు జరిపి
ఇంట్ల ఏమేం నడుస్తయో రాయమన్నడు.

రాసిన.
బల్బులు ఆరు, ఫ్యాన్లు రెండు, చిన్న ఫ్రిజ్.
బోరు మోటరు, ఒక హార్స్‌పవర్.
హార్మోనియం రీడ్లు సాఫు చేసే నా సాన.
చివరికి, రాసి, కొట్టేసి, మళ్ల రాసి
గుడ్లు పొదిగే పెట్టె.

"అన్నీ ఒక్కపారే నడుస్తయా సాబ్?"
సేట్ అడిగింది మామూలు మాటే.
సుల్తాన్‌బజార్‌ల ముప్పై ఏండ్లున్న,
ఒక్కడు అడగలే.
మీట నొక్కితే వచ్చేది, రాకుంటే తిట్టేది,
నాకు తెలిసిన కరెంటు లెక్క అంతే.

ఇప్పుడు శంకర్‌పల్లి దాటి గుండ్ల నడుమ,
ఆఖరి స్తంభం రెండు కిలోమీటర్ల ఇవతలనే
కాళ్లు చాపి కూసున్న చోట,
ఎండ మాకు దినకూలి.
మబ్బు పట్టిందంటే నాంచారమ్మ
మిక్సీ మూల పెట్టి రోలు కడుగుతది.

పోయిన శ్రావణంల ఐదు రోజుల ముసురు.
కప్పు మీద ఎనిమిది పలకలూ
వాన నీళ్లు జారనిచ్చే రేకులే అయినయి.
మూడోనాడు ఫ్రిజ్ బంద్ చేసినం, నాలుగోనాడు ఫ్యాన్లు.
ఐదోనాటి రాత్రి పెట్టె మీద దుప్పటి కప్పి
వేడినీళ్ల సీసాలు మార్చుకుంట కూసున్నం.
పంతొమ్మిదో దినం గుడ్లు.
సందెకాడ చెవి ఆనిస్తే లోపల పలికినయి,
రీడు మీద దుమ్ము కదిలినంత సన్నగ.
తెల్లారి ఆనిస్తే
నా నెత్తురు చప్పుడే నాకు వినబడ్డది.

నూట పన్నెండు.
గొయ్యి తానే తవ్వింది నాంచారమ్మ, నన్ను రానియ్యలే.
"జనరేటర్ తే" అన్నది, పార కడుక్కుంట,
చప్పుడు పడదని పట్నం ఇడిచి వచ్చిన మొగనితోని.

తిర్పతయ్య తాడు గుంజిండు.
మొదటిది ఎర్రది, సూట్‌కేసంత, కొత్త పెయింటు వాసన.
తంబురా లెక్క మెత్తగ మోగింది.
డ్రమ్ముల ముంచిన బోరు మోటరుకు తగిలిస్తే
శ్రుతి దిగింది, దిగింది, ఇగ లేవలే.
గొంతు బాగుంది, ఊపిరి లేదు.

రెండోది డీజిల్. మోటరు తగిలిస్తే
ఎనుగు తోక ఊపినంత కూడ కదలలే.
సేటే ఆపిండు నన్ను:
"ఆరు బల్బులకు ఇదొద్దు సాబ్,
పని లేకుంటే పొగచూరి చస్తది."

మూడోది మూలకున్నది, వాడినది.
ఐదేండ్లు బరాత్‌ల వెనక
తోపుడుబండి మీద నడిచిందట.
ముంగట ఆడోళ్లు నెత్తి మీద మోసిన దీపాలన్నిటికీ
వెనకనుంచి ఇదే తిండి పెట్టింది.
డొక్కకు సొట్ట. జాలిల ఇరికిన బంతిపూల దారం.
"బొంగురు గొంతు, ముందే చెప్తున్న" అన్నడు సేట్.

కండ్లు మూసుకున్న.
నిమిషానికి మూడువేల చుట్లు, ఒకటే గురక.
మోటరు తగిలింది. నిండ ఒక మెట్టు కిందికి జారి
ఒక్క క్షణం ఆడనే తండ్లాడి
ఎక్కింది. బయలెల్లిన మెట్టు మీదికే వచ్చి నిలవడ్డది.
"మళ్ల వెయ్."
తిర్పతయ్య నన్ను చూసిండు, సేట్‌ను చూసిండు, వేసిండు.
నాలుగుపార్లు.
నాలుగుపార్లూ ఇంటికొచ్చింది.

బేరం రెండు వేలకాడ ఆగితే
కాగితం తిరగేసి నేనే రాసుకున్న:
మోటరు పగటిపూట, అదీ ఒంటిగనే.
సాన వద్దే వద్దు, చేతితోని గీక్కుంట.
ఫ్రిజ్, చూద్దాం.
ముందు పెట్టె.

రెండో గుండు వెనక పెడితే, నలభై గజాల వైరు.
చప్పుడు వస్తది, రానీ.

ట్రాలీ ఆటోల టార్పాలిన్ కింద పడుకోబెట్టినం దాన్ని.
మెహదీపట్నం కాడ ట్రాఫిక్ ఆగితే
జాలిల దారం గుంజబోయి ఇడిచిపెట్టిన.
చేతులకు పెట్రోలు వాసన.
ఫోన్ల నాంచారమ్మ: "శ్రుతి కుదిరిందా?"
నవ్విందో లేదో తెలువలే, లైను గరగరలాడింది.
గుడ్లు ఆదివారం పెడుదమన్నది.