రెండు స్టాపులు

జీవకోనలో మా మిద్దెకు పద్దెనిమిది మెట్లు,
ఆ పైన డాబాకు ఇంకో పదహారు.
ఇల్లు కట్టేటప్పుడు ఎవరూ లెక్కబెట్టలేదు.
కాళ్ళు మాట వినడం మానేసినాక
మునిచంద్ర లెక్కబెట్టినాడు,
కింద కుర్చీలో కూర్చోని, కళ్ళతో.

పడింది ఘాట్ రోడ్డులో కాదు.
డిపోలో బస్సు కడిగే చోట, సోపు నీళ్ళలో.

మద్రాసు కంపెనీ పిల్లోడు వచ్చినాడు,
చేతిలో టేపు, చంకలో రంగుల పుస్తకం.
"సార్‌కు ఏది సౌకర్యం మేడం?" అని నన్నడిగినాడు.
సారు రెండడుగుల దూరంలోనే ఉండాడు.
"సార్ నోటికేం కాలేదు, ఆయన్నే అడుగు."

మొదట గాజు గొట్టం చూపించినాడు.
గుంత తవ్వే పనిలేదు,
గాలే ఎత్తుతుంది, గాలే దించుతుంది.
రేవతికి తెగ నచ్చింది.
ఆయన టేపు అడిగి తీసుకొని
తన కుర్చీని తనే కొలుచుకున్నాడు.
అడ్డం ఇరవై ఆరు అంగుళాలు,
ఇంక పొడవుకు మోకాళ్ళు, పాదాల పలక.
"దీంట్లో నేను పడతా, నా కుర్చీ పట్టదు.
పైకి పోయినాక నన్నెవరు మోస్తారబ్బయా?"

నూనెతో లేచేది ఒకటి, తాళ్ళతో లాగేది ఒకటి.
పిల్లోడు ధరలు చెప్తాంటే
నేను మనసులోనే టికెట్లు కొడతాండా:
శ్రీకాళహస్తికి ఎన్ని ట్రిప్పులు,
ఎన్ని రాత్రి డ్యూటీలు.

ఆయన అడిగింది ధర కాదు.
"బ్రేకు ఎక్కడుండాది?"
పిల్లోడు నవ్వినాడు. ఈయన నవ్వలేదు.
ఇరవై రెండేండ్లు
బస్సు నిండా గోవింద నామాలు మోసుకొని
కొండ దిగిన మనిషి.
"ఎక్కడం ఏ బండైనా ఎక్కుతుంది నాయనా,
దిగేటప్పుడు తెలుస్తుంది దాని గుణం.
కరెంటు పోతే నడిమధ్యలో నా గతేంది?"
బ్యాటరీ ఉంది సార్, కిందికి దించి తలుపు తెరుస్తుంది.
"అదీ చచ్చిపోతే?"
చేత్తో తిప్పే కీ ఉంటుంది సార్.
"ఎవరి చేతికి అందేటట్టు?"
పిల్లోడు పుస్తకం మూసేసినాడు.
వచ్చినాక మొదటిసారి నేల మీద కూర్చున్నాడు,
ఆయన కళ్ళకు తన కళ్ళు అందేటట్టు.

అప్పుడు మొదలైంది అసలు బేరం.
మీటలు నిలబడినోళ్ళ ఎత్తులో వద్దు.
తలుపు తోసేది వద్దు, పక్కకు జరిగేదే.
వెనక గోడకు నిలువెత్తు అద్దం.
"అద్దమెందుకు సార్?"
"రివర్సులో బయటికి రావాల కదా."

చివరికి స్టాపుల కాడికొచ్చినాం.
కిందొకటి, మిద్దెకొకటి.
డాబాకు కూడా కావాలంటే మూడోది, డబ్బు జాస్తి.
"రెండే చాలు," అన్నాడు. "కింద, డాబా.
మధ్యలో ఆపొద్దు."
"పడకగది మిద్దె మీద కదా!"
"ఏడాదిగా హాల్లో పడుకుంటాండా కదా సుగుణా,
నిద్ర ఎక్కడైనా పడుతుంది."

రేవతి నా మొగం చూసింది, నేను గోడ చూసినా.

రాత్రి ఆరిన గుడ్డలు తెద్దామని డాబా ఎక్కితే
ఎదురుగా కొండ, నల్లగా.
దాని ఒంటి మీద ఒక హెడ్‌లైటు
పాకతాంది, మాయమైతాంది,
ఇంకొంచెం పైన మళ్ళీ పుడతాంది.
ఏడాదిగా రోజూ చూస్తాండా నేను.
చెప్తే బాధపడతాడని
ఒక్కనాడూ కిందికి దిగి చెప్పలేదు.

ఆర్డరు పోయింది. సామాను రావడానికి మూడు నెలలంట.
మేస్త్రీ గుంత తవ్వినాడు,
రెండు స్లాబులకూ చదరంగా కంత కోసినాడు.
ఇల్లంతా సిమెంటు దుమ్ము, సాంబార్లో కూడా.

ఇప్పుడు రాత్రి భోజనాలైనాక
ఆయన గుంత పక్కన కుర్చీకి బ్రేకేసి
తల పైకెత్తి కూర్చుంటాడు.
నేను డాబా మీద కంత అంచున నిలబడి కేకేస్తా:
"ఒకటి ఎక్కతాంది!"
"యాడికొచ్చింది?"
"నాకేం తెలుసు, మాయమైంది."
"ఎంతసేపైంది?"
నేను కండక్టర్ను, మనుషుల్ని లెక్కబెట్టినా గానీ
మలుపుల్ని ఎప్పుడూ లెక్కబెట్టలేదు.
నోటికొచ్చిన అంకె చెప్తా.
కింద చీకట్లోంచి ఆయన తప్పు దిద్దుతాడు,
"గేరు మారుస్తాంటాడు, ఉండు,
ఇప్పుడు చూడు" అంటాడు.

చూస్తా.
వెలుగు వచ్చుంటుంది.