చేయి జారితే

అతని వేళ్ళు చూస్తే ముందు నవ్వొస్తుంది.
చిటికెన వేలు ఒకవైపు, ఉంగరపు వేలు ఇంకోవైపు,
అలిగిన తోడికోడళ్ళలా.
మైకు పట్టుకున్నప్పుడే ఐదూ ఒక మాట మీదికొస్తాయి.

బ్రిడ్జ్‌టౌన్‌లో, రేడియో వాళ్ళ ఇరుకు గదిలో,
పదకొండేళ్ళుగా అతని ఎడమపక్కన కూర్చుని
లెక్కలు రాస్తున్నాను:
పరుగులు, బంతులు, అతను తాగిన మాబీ గ్లాసులు.

ఎల్‌రిక్ గిటెన్స్.
సెయింట్ లూసీ చెరుకుతోటల పిల్లాడు.
తల్లి పొద్దుటే చేపలు ముందేసుకుని ముళ్ళు తీస్తూ
"చేప కంటే మెత్తగా ఉండాలిరా చెయ్యి" అనేదట.
అదీ అతని మొదటి పాఠం.
అన్న చెట్టెక్కి సీమపనస కాయలు విసిరేవాడు.
నేల తాకి పగిలిన ప్రతి కాయకీ వీపు మీద ఒకటి.
అది రెండో పాఠం.

తర్వాత నలభై ఆరు టెస్టులు.
రోజుకి ఐదువందల నలభై గుంజీళ్ళు
ఏ తప్పూ చేయకుండానే.
కీపరంటే గడపలాంటివాడు.
అందరూ దాటిపోతారు,
కాలికి తగిలిన రోజే కిందికి చూస్తారు.

అలా అందరూ చూసిన రోజొకటుంది.
మోకాలు కుట్టించుకుని వచ్చిన సెబర్ట్ స్కాంటిల్‌బరీకి
సెలెక్టర్లు విదిల్చిన ఆఖరి అవకాశం.
సాయంత్రం ఎండ, అలిసిన బంతి,
గోటితో గీసినంత అంచు.
బంతి గ్లవ్స్‌లోకి వచ్చింది,
దోసిట్లో నీళ్ళలా కాసేపు నిలిచింది,
నీళ్ళలాగే పోయింది.

అప్పుడు బ్యాట్స్‌మన్ పదకొండు.
మర్నాడు రెండువందల మూడు.
సెబర్ట్ ఏమీ అనలేదు.
బంతి ప్యాంటుకి రుద్దుకుని వెనక్కి నడిచాడు.
"ఆ నడక ఇంకా అయిపోలేదు" అంటాడు ఎల్‌రిక్,
మూడో మాబీ తర్వాత.

నా పుస్తకంలో అన్నిటికీ గడులున్నాయి,
జారిన క్యాచ్‌కి లేదు.

నీటికాసులొచ్చి సెబర్ట్ కళ్ళు రెండూ ఆరిపోయి
చాలా ఏళ్ళయింది.
సెయింట్ ఫిలిప్‌లో, కిటికీ గట్టున రేడియో.
అందుకే ఇతను జెండా ఎటు ఊగుతోందో చెబుతాడు,
స్టాండు నీడ పిచ్ మీద ఎంతవరకు పాకిందో,
కుట్టు మీద బౌలర్ బొటనవేలు ఎక్కడుందో.
"ఇంత సోదెందుకు? అందరిళ్ళలో టీవీలున్నాయి"
అని ప్రొడ్యూసర్ యోనెట్ విసుక్కుంటుంది.
"టీవీ ఉంటే సరిపోతుందా" అంటాడు.
నేను తలొంచుకుని చుక్కలు పెట్టుకుంటాను.

మొన్న మార్చిలో, అదే వైపు,
ఇరవై ఒకటి నిండని కీపర్, అంతే సన్నటి అంచు.
బంతి వచ్చింది, పోయింది.
పక్క మైకులో ఓ మాజీ కెప్టెన్ నవ్వాడు:
"మా అమ్మమ్మైనా పట్టేసేది!"
తర్వాత అందరం ఎల్‌రిక్ వైపే చూశాం.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు.
చేయి జారితే ఏమిటో
ఆ సామెత చెప్పదు.

రేడియోలో నాలుగు సెకన్ల మౌనమంటే
ఇల్లు తగలబడ్డట్టే. యోనెట్ చేతులు తిప్పేస్తోంది.
అప్పుడన్నాడు, తొందర లేకుండా:
"స్టంప్స్ దాటాక బంతి కొంచెం ఊగింది.
పిల్లాడి చేతులు సరైన చోటే ఉన్నాయి."

నేను చూశాను. బంతి ఊగలేదు.

రాత్రి ఫోన్ మోగింది.
ఆ వేళ్ళతో చెవి దగ్గర పట్టుకోలేడు,
బల్లమీద పెట్టి స్పీకర్ నొక్కుతాడు.
"నిజంగా ఊగిందా?"
"లేదు."
"మరి నాది?"
ఎల్‌రిక్ గ్లాసు అటూ ఇటూ జరిపాడు.
"అదీ ఊగలేదు, సెబర్ట్."

అవతల దగ్గో నవ్వో తెలీని చప్పుడు.
"ముప్పై ఏళ్ళు పట్టిందిరా నీకు
ఆ బంతి నాకు తిరిగి విసరడానికి."

ఇద్దరూ కాసేపు ఏమీ అనలేదు.
ఫోన్ పెట్టేసే ముందు సెబర్ట్ కసిరాడు:
"లంచ్ తర్వాత గాలి ఎటో చెప్పలేదివాళ.
రేపు మర్చిపోకు."