ఖాళీ జాగా

మున్సిపాలిటీ వాళ్లు మూడొందలిస్తామన్నారు
ఒక్క పూట దుబాసీ పనికి.
మా వీధి మాటలు ఒడియాలోకి,
వాళ్ల ఒడియా మా వీధిలోకి మోసుకురావాలి.
బరంపురంలో పుట్టినవాళ్లం, ఒడియా రాకేం?
రేషను కొట్లో వస్తుంది, ఆస్పత్రి చీటీ దగ్గర వస్తుంది,
అప్పుకి ఇంకో నెల గడువడిగేటప్పుడు ధారాళంగా వస్తుంది.
ఇంటి సంగతి ఎత్తితేనే
నాలిక తెలుగులోకి జారిపోతుంది.

బడి వరండాలో బల్ల మీద పటం పరిచారు.
గాలికి లేవకుండా నాలుగు మూలలా నాలుగు టీ గ్లాసులు.
పాణిగ్రాహి గారు మంచాయనే. చెమట తుడుచుకుని
"మీ మతామత్ చెప్పండి" అన్నాడు.
అభిప్రాయం అని నేను అనేలోపే
వెనక నుంచి దాలమ్మ ముసల్ది
"మతవా? మా మతంతోటి నీకేటి పని బాబూ,
కాలవ సంగతి సెప్పు" అంది.
వరండా అంతా నవ్వు.
ఎందుకో తెలియకుండానే ఆయనా నవ్వాడు.
"వీళ్లకి సంతోషంగా ఉంది సార్" అని చెప్పాను.
ఆ పూట నా మొదటి తప్పు అది.

పటంలో మా ఇళ్లు బూడిదరంగు గళ్లు.
మురిక్కాలవ నీలం గీత,
పుట్టి బుద్ధెరిగాక అంత నీలంగా దాన్నెప్పుడూ చూళ్లేదు.
వీధి నడిమంతా పసుపు.
పసుపు మీద ఒడియాలో రెండు మాటలు: ఖాళీ జాగా.
వాటికి దుబాసీ అక్కర్లేకపోయింది.
రెండు భాషల్లోనూ అవే మాటలు.
అక్కడ సిమెంటు బెంచీలట, కుండీల్లో మొక్కలట,
స్కూటర్లు నిలబెట్టడానికి తెల్లగీతలట.

కూర్మారావు మావయ్య లేచాడు.
నలభయ్యేళ్లుగా చీకటుండగానే లేచి
ఆ పసుపు మీదే పడుగు సాగదీస్తున్న మనిషి.
ఈ కొసన గుంజ, ఆ కొసన గుంజ,
నడుమ వీధి పొడుగునా పట్టు,
తెగిన పోగు కోసం వంగి వంగి
ఆయన నడుమూ అలాగే ఉండిపోయింది.
ఎండెక్కితే పడుగు చుట్టేస్తారు,
అదే నేల మీద అప్పడాలు పరుచుకుంటాయి.
"ఖాళీ ఎక్కడ?" అన్నాడు మావయ్య.
అంతే, కూర్చున్నాడు.
నేను దాన్ని ఒడియాలో అయిదు వాక్యాలు చేశాను.
"నోట్ చేసుకున్నాం" అన్నారు.

తర్వాత బిళ్లలు పంచారు.
నచ్చినచోట పచ్చది, నచ్చనిచోట ఎర్రది అంటించాలి.
ఎర్రవి చిటికెలో అయిపోయాయి.
"పచ్చవి చాలా ఉన్నాయమ్మా" అన్నాడు గుమాస్తా కుర్రాడు, బతిమాలుతున్నట్టు.
తవిటమ్మ అతన్నోసారి చూసి
నుదుటి మీది బొట్టుబిళ్ల ఊడదీసి
అప్పడాలెండే చోట అంటించింది.
ఆ వెనకే ఇంకొకామె. ఇంకొకామె.
మెరూనువి, రాయి పొదిగినవి, కందిగింజంతవి,
చెమటకి జిగురు పోయి రెండుసార్లు నొక్కాల్సినవి.

గున్నమ్మ చెయ్యి చాపింది.
తొమ్మిదేళ్లుగా పసుపూకుంకానికి ఎవరూ పిలవని చెయ్యి.
కాసేపు ఎవరికీ మాట రాలేదు.
తవిటమ్మే రవికలోంచి కొత్త అట్ట తీసి
ఒక బిళ్ల ఆవిడ వేలికొసన పెట్టింది.
గున్నమ్మ దాన్ని దగ్గరగా పట్టుకుని చూసుకుంది.
తర్వాత వీధి కుళాయి మీద అంటించింది,
పటంలో లేని కుళాయి,
ఎక్కడుండాలో అక్కడ, వేలు తడుముకోకుండా.
పాణిగ్రాహి గారు నా వైపు చూశాడు, ఏమిటని.
నేనేమీ అనువదించలేదు.

పొద్దు వాలింది. గ్లాసులు తీసేసి పటం చుట్టబోతూ
"వీధి కొలతలకి మా వాళ్లెప్పుడు రావచ్చు?" అనడిగాడు.
దాలమ్మే అంది:
"తెల్లారగట్ల అయిదుకి రమ్మను.
ఆపాటికి పడుగు పరిచేసుంటాం, తల వొంచుకు రావాల.
వొట్టి సేతుల్తో నిలబడకుండా
ఓ కొస పట్టుకోమను."

ఈ ఒక్కటి మాత్రం
పొల్లు పోకుండా చెప్పాను.
ఆయన పుస్తకంలో "ఉదయం అయిదు" అని రాసుకుని
ఆగి,
కింద గీత గీశాడు.