నలభై ఏడో పేజీ

మెడలో తాడు, తాడుకి అట్టముక్క:
ఇర్యా పెల్కోనెన్, విశ్వాసుల ప్రతినిధి,
సీయోను లూథరన్ సంఘం, కివిలా.
కింద సన్నటి అక్షరాల్లో: ఓటు హక్కు కలదు.
డెబ్బై ఒక్కేళ్ళలో నా గురించి
ఇంత స్పష్టంగా ఎవరూ రాసిపెట్టలేదు.

మే నెల. సుపీరియర్ సరస్సు ఒడ్డున
మంచు ఇంకా మాసిన దుప్పటిలా ముడుచుకుని పడుంది.
హోటలు వాళ్ళ పెళ్ళిళ్ళ హాలులో మహాసభ.
నిన్నటి పెళ్ళి తాలూకు చమ్కీలు
తివాచీ పోగుల్లో ఇరుక్కుపోయి
బిషప్ గారి బూట్లకి అంటుకుంటున్నాయి.

మూడు వందల మందిమి, గుండ్రటి బల్లల చుట్టూ.
నా పక్కన ఐనో, మా రెండో ప్రతినిధి,
ఒక చెవి ఇనుప గనిలోనే వదిలేసి వచ్చినవాడు.
"ఇప్పుడేమన్నారు?"
సవరణ.
"ఇప్పుడు?"
సవరణకి సవరణ.
తీర్మానంలో 'మరియు' ఉండాలా, 'లేదా' ఉండాలా అని
ఇరవై నిమిషాలు, మూడు మైకుల దగ్గరా బారులు తీరి.
"అయితే భోజనం ఎప్పుడు?" అంటాడు ఐనో.

నాకు వేదాంతం రాదు. నాకు తెలిసింది బాయిలరు.
పంతొమ్మిదేళ్ళు, గుడి నేలమాళిగలో,
దాని దగ్గుని బట్టి జబ్బు పోల్చుకున్నదాన్ని.
సున్నాకి ఇరవై కింద, శనివారం రాత్రి వెళ్ళి
తిట్టి, బుజ్జగించి, రాజేసి వస్తే
ఆదివారం పొద్దున్న పదకొండు మంది నోళ్ళలోంచి
పాట పొగలా కాక
పాటలా వచ్చేది.

మధ్యాహ్నం నలభై ఏడో పేజీకి చేరాం.
'పరిచర్య ముగించిన సంఘాలు.'
నాలుగు పేర్లు. మాది మూడోది.
ముగించిన! ఎంత మర్యాద గల మాట.
అల్లిక ముగించినట్టు,
మేమే ముడి వేసి
దారం కొరికేసినట్టు.

అబద్ధమేం కాదు.
ఫిబ్రవరిలో ఆ మాట రాసింది నేనే,
కరెంటు బిల్లు వెనకవైపు, పెన్సిలుతో.
పది చేతులు లేచాయి.
హిల్మా మాత్రం ఒళ్ళో చేతిసంచీని
తెరిచి, మూసి, తెరిచి, మూసి,
చివరికి ఓ రుమాలు తీసి
ఎదుటి బెంచీ మీద దుమ్ము తుడిచింది.

"చర్చ ఉందా?" అన్నారు అధ్యక్షస్థానం నుంచి.
పొద్దుట 'మరియు' కోసం పరుగెత్తినవాళ్ళు
కాఫీ కలుపుకుంటున్నారు.
నేను లేచాను.
ఎందుకు లేచానో నడుస్తున్నంతసేపూ తెలియదు.
ఆకుపచ్చ మైకు అనుకూలురకి, ఎర్రది వ్యతిరేకులకి.
తెల్లది ప్రశ్నలకి. దాని ముందు నిలబడ్డాను,
గొంతులో పచ్చి వెలక్కాయతో.

"అధ్యక్షా, మా బాయిలరు ఎవరు తీసుకుంటారు?
అదింకా మండుతోంది."

హాలు నవ్వబోయి ఆగింది.
కోశాధికారి కాగితాలు తిరగేశాడు.
ఆస్తుల జాబితాలో గంట ఉంది,
ప్రభురాత్రి భోజనపు వెండి గిన్నె ఉంది,
మడత కుర్చీలు ముప్పై ఆరు ఉన్నాయి
(ముప్పై నాలుగే, రెండు విరిగాయి).
బాయిలరు లేదు.
"ఈ విషయం కమిటీకి నివేదిస్తాం, సోదరీ."
కృతజ్ఞతలు చెప్పి వెనక్కొచ్చాను.
ఇంకేం చెప్పాలి?

పసుపు కార్డులు లేచాయి.
మూడు వందల పసుపు, ఆవపూల చేనులా.
అందులో నాదీ ఒకటి, తడబడకుండానే.
వ్యతిరేకులు? ఎవరూ లేరు.
అందరూ లేచి నిలబడి ప్రార్థించారు,
నాలుగు పేర్లూ మెల్లగా చదివారు.
మా ఊరి పేరు తప్పుగా పలికారు.

కూర్చున్నాక అడిగాడు ఐనో,
"ఇప్పుడేమన్నారు?"

"భోజనం అన్నారు."

"మంచిది" అన్నాడు.
కానీ లేవలేదు.
అతని ముందు పుస్తకం తెరిచే ఉంది,
మూడో పేరు మీద వేలు,
గని మసి ఇంకా వదలని ఆ బొటనవేలు,
ఎవరో లాక్కుపోతారేమో అన్నట్టు
గట్టిగా నొక్కిపెట్టి.