ఎత్తొద్దు

మా కళ్యాణదుర్గంలో మొదటి సెల్లు
శెనక్కాయల మిల్లు చెన్నబసప్పది.
పల్చటి గుడ్డతో జేబు కుట్టించుకొనె,
లోపలి పచ్చలైటు పదిమందికీ కనబడాలని.
టవరు ఇంకా అనంతపురం దాటి రాలేదు.
అయినా రోజూ సాయంత్రం బస్టాండులో నిలబడి
మూగ ఫోనుకు మూట ధర చెప్తా ఉండె, గట్టిగా.
మేము నిలబడి వింటా ఉంటిమి.
ధర మాత్రం నిజమే.

రెండోది తప్పెట గంగులప్పది.
తాసిల్దారూ బ్యాంకు మేనేజరూ
ఇంకా ఆలోచన చేస్తా ఉండిరి.
ఈయన పాడి ఎనుమును అమ్మేసి కొనె.
"చావుకు ముహూర్తం లేదు గదప్పా,
పిలుపు పక్కూరి మేళానికంటే ముందు నాకే రావల్ల."
మూడో వారం
మొదటి పిలుపు వచ్చె: రాంగు నంబరు.

నాది ఎస్టీడీ బూతు.
పసుపు బోర్డు, అద్దాల గూడు,
ఎర్రంకెలు ఉరికే మీటరు.
వీళ్లిద్దర్నీ చూసి నవ్వినోణ్ణి.

మూడోది బోరుబండి ఏజెంటు ఓబుళపతిది.
నడుముకు ఒక పక్క తోలుసంచిలో సెల్లు,
ఇంకో పక్క, నీళ్లు చూసే టెంకాయ.
ఆ పొద్దు కుందుర్పి దిక్కు తిప్పేస్వామి చేన్లో బోరు.
బండి మీదికెక్కి చెయ్యెత్తితేనే
ఒక్క గీత సిగ్నలంట.
పొద్దున్నే నా బూతుకొచ్చి చెప్పిపోయె:
"ఒక్క రింగు కొట్టి కట్ చేస్తే దుమ్ము.
రెండు కొట్టి కట్ చేస్తే నీళ్లు.
ఎత్తొద్దు. ఎత్తితివా, నాకు దుడ్డు పోతాది."

రాత్రి పదిన్నర.
తిప్పేస్వామి పెండ్లాం మారెక్క
నా బల్ల మీద కూచోనుంది.
కమ్మలు కుదువ పెట్టింది,
చెవుల్లో వేపపుల్లలు.
కొంగున ముడేసిన దుడ్డు:
నీళ్లయితే పైపులకు,
దుమ్మయితే తెల్లారేలోగా తిరిగి సేటుకే.

మోగింది.
ఒక్కటే.
ఆగిపాయ.
నా మొహం చూసె మారెక్క,
నేను ఫోను మొహం చూస్తి.

సగం బీడీ కాలేంత సేపు.
మళ్లా మోగింది. ఒక్కటే.

"రెండు" అనె మారెక్క.

ఒకటీ, ఇంకొకటీ గదమ్మా, అనబోతి.
దుమ్ము మీద దుమ్మా?
తెగి అతుక్కున్న నీళ్లా?
ఈ లెక్క ఓబుళపతి చెప్పలేదు.

మీటరు మీద తువ్వాలు కప్పి
నేనే కలిపితి.
ఎవరో ఆడమనిషి. ముందు ఇంగ్లీషు, తర్వాత హిందీ,
చివరికి మన మాటే:
"చందాదారుడు అందుబాటులో లేరు."

మారెక్క రిసీవరు గుంజుకొనె.
"ఎవురమ్మా నువ్వు? మా చేనికాడుండావా?
నీళ్లు పడ్న్యాయా తల్లీ?
మాయప్ప ఏమైనా తిన్న్యాడా?"
ఆ తల్లి మళ్లా అదే మాట.
మారెక్క చెవి మార్చుకొని, వేపపుల్ల సర్దుకొని,
ఇంకోసారి వినె.
మెల్లగా పెట్టేసె.

"లేరు అంటాంది.
లేవు అనలేదప్పా.
సదువుకున్న పిల్ల,
మాట తేడా తెలీకుంటాదా?"

చెప్పులేసుకొని
పైపుల అంగడి దిక్కు పాయ.
నిద్రబోయే షట్టరును అరచేత్తో కొట్టే చప్పుడు
సందు మలుపు దాకా ఇనబడె.

అప్పుడు మోగింది.
ఒకటి.
రెండు.
మూడు.
ఆగలేదు.
నాలుగు. ఐదు.
నా చెయ్యి రిసీవరు మీదే ఉంది.
చెమటకు నల్లగా మెరిసె.
ఎత్తొద్దు అన్న్యాడు గదా.
ఎత్తలేదు.

ఊళ్లో నాలుగో సెల్లు నాది.
చెన్నబసప్ప అడిగె, బూతు పెట్టుకొని నీకెందుకప్పా ఇది అని.
నవ్వి ఊరుకుంటి.
ఎవరు చేసినా సరే,
మొదటి రింగుకే ఎత్తుతా.
దుడ్డు పోతే పోనీ.